కొక్కెరగుంట కంటిసాక్షి

నమోదు 1. పుష్య మాసం, సోమవారం

లాగ్‌లో భావాలు వద్దు, గమనించినవి మాత్రమే రాయాలని కాలేజీలో చెప్పి పంపారు. సరే, మొదటి గమనిక: నాకు ఒళ్ళు మండిపోతోంది.

క్లాసులో అందరికీ మంచి మంచి చోట్లు పడ్డాయి. ఒకడు విశాఖ సముద్రపు గోడ మీద ఉన్నాడు. ఇంకొకతె గోదావరి లంకల్లో మళ్ళీ మొలిచిన అడవికి వెళ్ళింది. ఉప్పునీళ్ళ మధ్య పుట్టి పెరిగిన కాకినాడ పిల్లని, నాకేమో అనంతపురం అవతల కొక్కెరగుంట పడింది. ఇక్కడ నా పని కొంగల కోసం ఎదురుచూడటం. పర్యావరణ విలేకరిని అవుతానని ఇంట్లో అందరితో దెబ్బలాడి మరీ చేరింది ఇందుకేనా?

బస్సు దిగేసరికి ఎండ ముదిరింది. మా ఊళ్ళో అయితే ఈపాటికి ఎండ సైరన్ మోగేది, జనం ఇళ్ళల్లోకి పరిగెత్తేవాళ్ళు. ఇక్కడ సైరన్ లేదు. బడి గోడ మీద ఒక ఎర్ర దీపం వెలిగింది, అంతే. తలెత్తి చూస్తే ఆకాశంలో ఒక్క గాలిబండి లేదు. కాకినాడలో పొద్దస్తమానం సరుకులు మోసుకుపోయే ఆ బండ్ల రొద చెవుల్లో ఉంటూనే ఉంటుంది. ఇక్కడి నిశ్శబ్దానికి నాకు చెవులు నొప్పి పుట్టాయి.

నాకు బస ఇచ్చిన ఆవిడ పేరు తిప్పక్క. యాభై దాటి ఉంటాయి. గడపలోనే నన్ను ఎగాదిగా చూసింది.

"పేపరు పిల్లవు నువ్వేనా పాపా?"

"పేపర్లు ఎప్పుడో పోయాయండి. నేను నేలవార్త సంస్థ నుంచి వచ్చాను. ఇంటర్న్‌ని. పేరు కృత్తిక."

"ఏదో ఒకటిలే. అట్ల గట్టిగా మాట్లాడొద్దు, ఈ ఊర్లో అందరం గమ్మునుంటాము. ఏం ఇంత బక్కగుండావు, మీ పక్క తిండి పెట్టరా?"

నా మాట కోసం ఆగకుండా రాగి సంగటి ముద్ద పెట్టి, పక్కన ఊరుబిండి పచ్చడి వేసింది. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంటి మీద బెంగ అనుకుందో ఏమో, తల నిమిరి ఇంకో ముద్ద వేసింది.

నమోదు 2. బుధవారం

రోజూ సాయంత్రం నా బల్ల మీది పలక వెలుగుతుంది. అందులో ఉండేది గుమాస్తా. అంటే యంత్రమే, మా సంస్థలో అందరూ దాన్ని అలాగే పిలుస్తారు. ఊరి చింతతోపులో స్తంభాలకు కళ్ళున్నాయి. అవి చూసింది గుమాస్తా లెక్కగట్టి, వార్తగా రాసి, నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఎర్రకాళ్ళ కొంగలు గూడు కట్టాయా? అవును, కాదు.

నేను "కాదు" నొక్కుతాను. ఈ రోజుకి జర్నలిజం అయిపోయింది.

మా అమ్మ చిన్నప్పుడు దొంగ వార్తలు నమ్మి ఊళ్ళకు ఊళ్ళు వరదలో కూర్చుండిపోయాయట. అందుకే ఇప్పుడు నేల గురించి, నీళ్ళ గురించి, జీవాల గురించి ఏ వార్త బయటికి వెళ్ళాలన్నా ఒక మనిషి కళ్ళారా చూశానని వేలిముద్ర వేయాలి. ఆ మనిషిని కంటిసాక్షి అంటారు. ఈ ఊరికి ఈ ఏడాది నేనే.

మా ఎడిటర్ బషీర్ గారు తాడిపత్రి నుంచి ఫోన్ చేశారు. ఆయనవి రెండే నియమాలు. చూడనిది రాయకూడదు. రాసినది ముందుగా ఎవరి గురించి రాశామో వాళ్ళకే చదివి వినిపించాలి, ఆ తర్వాతే లోకానికి.

"వాళ్ళ మొహం చూసి చదవలేని వార్త పంపొద్దు తల్లీ," అన్నారు.

నాకు ఒళ్ళు మండి ఉంది కదా, ఊరుకోలేదు. "అయితే కొంగల వార్త కొంగలకు చదవాలా సార్?"

"చదువు. నీ సొమ్మేం పోయింది?" అని నవ్వి పెట్టేశారు.

నమోదు 3. పుష్య బహుళం, ఆదివారం

ఈ ఊరి సంగతి కొంచెం కొంచెంగా తెలుస్తోంది.

తెల్లారగానే తిప్పక్క నా చేతికి ఒక బిందె ఇస్తుంది. ఇంటికి రోజూ వచ్చే నీళ్ళే తక్కువ. అందులోంచి ప్రతి ఇంటివాళ్ళూ ఒక బిందె తీసుకెళ్ళి కుంటలో పోస్తారు. పుట్టింటి బిందె అంటారు దాన్ని. కుంటలో నీళ్ళుంటే చేపలుంటాయి, చేపలుంటే కొంగలు పిల్లల్ని సాకుతాయి. ఎవరి స్నానం ఎవరు మానుకున్నారో నాకు తెలియదు గానీ కుంట మాత్రం ఎండలేదు.

కొంగలంటే వీళ్ళకు పక్షులు కావు, పురిటికి వచ్చే ఆడపిల్లలు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో టపాకాయ కాల్చరు, డప్పు కొట్టరు. పెళ్ళి జరిగినా మేళం లేకుండానే. తోపులోని చింతకాయ ఎవరూ కోయరు. తిప్పక్కకు పిల్లల్లేరు. ఆ మాట ఆమే చెప్పింది, ఏ బాధా లేకుండా.

"నేను కనలా. అయితేనేం? ఏటేటా ఇంతమంది బిడ్డలు పురిటికొస్తారు. ఇంగెవురికుంటారు అంతమంది?"

పోయిన ఏడాది మాత్రం నాలుగైదే వచ్చాయట. గూళ్ళు కట్టి, వడగాడ్పులకు తట్టుకోలేక మధ్యలోనే వెళ్ళిపోయాయట. ఊరంతా కూర్చుని ఆలోచించారు. మర్యాద తక్కువైందని తేల్చారు. అందుకే ఈసారి చింతచెట్ల మొదళ్ళకు సున్నం కొట్టి ఎర్రమన్ను పట్టీలు దిద్దారు. కొమ్మకొమ్మకూ వెండిలా తళతళలాడే రిబ్బన్లతో తోరణాలు కట్టారు. పెళ్ళివారి విడిదిలా ఉంది తోపు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నవ్వులాటకు కాదు వీళ్ళు ఇంత చేసేది. కొంగలు గూడు కట్టే ఊరు కాబట్టే దీని మీదుగా గాలిబండ్లు పోకుండా పక్కనుంచి తిప్పుతున్నారు. శివరాత్రి నాడు ఎర్ర దీపం వెలిగేలోపు కంటిసాక్షి "అవును" అనకపోతే గాలిబాట ఊరి నెత్తి మీదుగా పడుతుంది. ఒకసారి పడితే ఇక తీయరు. ఆ రొదలో ఏ కొంగా ఎప్పటికీ దిగదు.

"పుట్టింటి తలుపు మూసేస్తే బిడ్డలు యాడికి పోవాల పాపా?" అని అడిగింది తిప్పక్క.

నమోదు 4. మాఘం, మంగళవారం

తిప్పక్కతో జొన్నచేనికి వెళ్ళాను. కంకులు బాగా పాలు పోసుకున్నాయి. చేను చుట్టూ కట్టిన రిబ్బన్లు గాలికి జుయ్యిమంటున్నాయి.

"తోపుకు కట్టంగా మిగిలిండేది ఈడ కట్టినా. ఒక్క చిలక దిగితే ఒట్టు!" అంది గర్వంగా. "ముందేడు సగం చేను తినిపోయినాయి."

నాకు జొన్నచేను చూడటం ఇదే మొదటిసారి. పచ్చి కంకి కాల్చి పెట్టింది. ఎంత బాగుందో చెప్పలేను. ఇది భావం కాదు, గమనికే.

సాయంత్రం: కాదు.

నమోదు 5. మాఘం, శుక్రవారం

కాదు. కాదు. కాదు. వచ్చిన రోజు నుంచీ ఇదే.

ఊరివాళ్ళు ఇప్పుడు నా మొహం చూసి పలకరించడం లేదు, నా వేలు చూసి పలకరిస్తున్నారు. అందరి దిగులూ ఆ వేలి చివరనే ఉన్నట్టుంది. నాకు రాత్రిళ్ళు అన్నం సయించడం లేదు.

ఈ రోజు తిప్పక్క నా జడ అల్లుతూ మెల్లగా అడిగింది. "ఒగ మాట అడుగుతా. తప్పైతే మర్చిపో. ఆ పలక మీద అవునని నొక్కితే ఏమైతాది?"

నేను చప్పున తల తిప్పబోయాను, ఆమె జడ వదల్లేదు.

"ఎవురికీ నష్టం లేదు కదమ్మీ. వాళ్ళు ఈయేడు రాకుంటే వచ్చేయేడు వస్తారు. తలుపు తెరిచుంటే సాలు."

నా వెనక ఉంది కాబట్టి ఆమె మొహం కనబడలేదు. వేళ్ళు మాత్రం జడలో ఆగిపోయాయి. నెల పైగా తన కంచంలోది నాకు పెడుతున్న మనిషి, మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగింది. దేవుడా, అడిగింది ఇదా!

"నేను చూడలేదు తిప్పక్కా," అన్నాను.

"సరేలే. అడగకుండా ఉండలేకపోతి." మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. పూలు కూడా పెట్టింది. అదే నాకు మరీ కష్టంగా అనిపించింది.

నమోదు 6. మాఘ బహుళం, సోమవారం

చూశాను!

పొద్దున తిప్పక్క మిద్దె మీద ఎండు మిరపకాయలు తిరగేస్తున్నాను. తుమ్ములొచ్చి తల పైకెత్తాను. చాలా ఎత్తున తెల్లగా, గుండ్రంగా తిరుగుతున్నాయి. పదో పన్నెండో. మెల్లగా కిందికి వచ్చాయి. పసుప్పచ్చ ముక్కులు, రెక్కల మీద నల్ల చారలు, తోక దగ్గర ఎవరో గులాబీ రంగు అద్దినట్టు. నేను ఊపిరి కూడా తీయలేదు. తోపు దగ్గరికి వచ్చి, పొడుగాటి ఎర్రకాళ్ళు కిందికి చాచాయి, ఇక కొమ్మ అందుకోవడమే తరువాయి.

అప్పుడు కుంట మీంచి గాలి వీచింది. తోరణాలన్నీ ఒక్కసారి తళుక్కుమన్నాయి, జుయ్యిమన్నాయి. చాచిన కాళ్ళు ముడుచుకుని కొంగలు చటుక్కున పైకి లేచాయి. ఒక్క చుట్టు తిరిగి పెన్న ఏటి వైపు వెళ్ళిపోయాయి.

తోపులో కట్టినవీ, జొన్నచేనులో కట్టినవీ ఒకే రిబ్బన్లు. అక్కడ చిలకల్ని తరుముతున్నవే ఇక్కడ కొంగల్ని తరిమాయి.

గుమాస్తాను అడిగాను. స్తంభాల కళ్ళు కొమ్మల మీదికే చూస్తాయి, ఏమీ అందలేదంది. లోకంలో చూసినదాన్ని నేనొక్కదాన్నే.

బషీర్ గారికి ఫోన్ చేశాను. "సార్, ఇది వార్తగా రాయను. ఏదో వంక చెప్పి తోరణాలు విప్పించేస్తాను."

"ఏం వంక చెబుతావు?"

"గాలికి చిరిగిపోతాయనో, ఏదో ఒకటి."

"అప్పుడు వచ్చే ఏడు చిరగనివి తెచ్చి కడతారు."

నేను ఏడ్చేశాను. "మీ ప్రేమే తరిమిందని వాళ్ళ మొహం మీద ఎలా చదవను సార్? చంపేసినట్టు కాదూ?"

"నేనొచ్చి చదవనా?" అన్నారు ఆయన.

అంత దయగా అడిగేసరికి వద్దన్నాను. చూసింది నేను.

నమోదు 7. మంగళవారం

బడి వరండాలో చదివాను. ఊరంతా వచ్చారు. మింగలేక కక్కలేక నిలబడి మొదలుపెట్టాను. రాసింది ఇంతే:

"ఎర్రకాళ్ళ కొంగలు ఈ ఏడాది కొక్కెరగుంటకు వచ్చాయి. సోమవారం ఉదయం తోపు మీద తిరిగి, దిగడానికి కాళ్ళు చాచాయి. వాటిని ఆహ్వానించడానికి ఊరివాళ్ళు కట్టిన మెరుపు తోరణాలు గాలికి కదలడంతో బెదిరి, దిగకుండా వెళ్ళిపోయాయి. జొన్నచేలలో చిలకల్ని తోలడానికి వాడేది ఇదే తోరణం. ఇది నేను కళ్ళారా చూశాను."

నేను కాగితం మీంచి కళ్ళెత్తలేదు.

"వచ్చినాయా?" తిప్పక్క గొంతు.

"వచ్చాయి."

"నీ కండ్లతో చూసినావా?"

"చూశాను తిప్పక్కా. పదో పన్నెండో ఉన్నాయి."

ఆమె కొంగు మొహానికి కప్పుకుని భోరుమంది. నేను చేసిన పనికి నన్ను నేనే తిట్టుకుంటూ దగ్గరికి వెళ్ళాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది.

"మరిచిపోయినారనుకుంటి పాపా! ఇంగ మా ఊరే గుర్తు లేదేమో అనుకుంటి! వచ్చినారు నా బిడ్డలు!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడు ఎక్కింది ఆమెకు వార్తలోని మిగతా సగం.

"వాకిట్లోకొచ్చినోళ్ళను నేనే తరిమితినా?" తన చేతులు చూసుకుంది. "ఈ చేతుల్తోనే కట్టినానే."

ఆ మాటకు ఎవరూ సర్దిచెప్పలేదు, నేనూ సర్దిచెప్పలేదు. కాసేపటికి ఆమే లేచి చీరకుచ్చిళ్ళు దోపుకుంది. "ఏం కూసోనుండారు? నిచ్చెన తేండి."

బషీర్ గారికి ఒక్క ముక్కే పంపాను, చదివానని. వార్త బయటికి వెళ్ళింది. గాలిబాటల కార్యాలయం నుంచి వెంటనే జవాబొచ్చింది. వచ్చి వెళ్ళిన పక్షులు లెక్కకు రావు, గూట్లో పక్షి కూర్చుంటేనే గూడు.

నమోదు 8. గురువారం

మూడు రోజులుగా ఊరు ఊరంతా తోపులోనే ఉంది, ఒక్క చప్పుడు లేకుండా. చిన్నా పెద్దా చెట్లెక్కి తోరణాలు ముడి ముడీ విప్పుతున్నారు. తడి గోనెపట్టాలతో సున్నం రుద్దుతున్నాం. మాటలు లేవు, సైగలే. నా గోళ్ళు అరిగిపోయాయి. తిప్పక్క వెన్న రాసి పెట్టింది.

"పాడు ముదురు ప్రేమ," అని తనను తానే తిట్టుకుంటోంది. "కూతురొస్తాంటే వాకిట్లో టపాకాయ కాల్చినట్టు సేస్తిమి."

జొన్నచేనులో రిబ్బన్లు కూడా విప్పేసింది. అదెందుకని సైగ చేశాను.

"దావలో కనపడినా బెదురుతారేమో. చిలకలు తింటే తిననీ, మనం శెనక్కాయలు తిందాములే."

శివరాత్రికి ఇంకెంతో లేదు. ఆకాశం ఖాళీగా ఉంది.

నమోదు 9. మహాశివరాత్రి

నిన్న పొద్దుగూకే వేళ రెండు వచ్చాయి. రెండే. గుడ్డిదీపం కూడా వెలిగించకుండా ఊరంతా ఇళ్ళల్లోంచి చూశాం. తోపు మీద తిరిగాయి. గాలి వీచింది. చింతాకు తప్ప ఏమీ కదల్లేదు. దిగాయి.

తెల్లారేసరికి ఒకటి ఎక్కణ్ణుంచో పుల్ల పట్టుకొచ్చి కొమ్మ మీద పెట్టింది. జారి కింద పడింది. మళ్ళీ వెళ్ళింది. నేను తిప్పక్క మిద్దె మీద బోర్లా పడుకుని చూస్తున్నాను. పక్కనే ఆమె, ఉపవాసంతో, మంచినీళ్ళు కూడా ముట్టకుండా. పలక నా మోచేతి కింద వెలుగుతోంది. గడువు రోజు కదా, గుమాస్తా పొద్దున్నే ప్రశ్న అడిగి కూర్చుంది.

"పుల్ల పెట్టింది కదా, నొక్కు," అని సైగ చేశాడు పక్కింటి మిద్దె మీది ఆయన. నేను తల అడ్డంగా ఊపాను. పుల్ల గూడు కాదు. ఇంకాసేపట్లో ఎర్ర దీపం వెలుగుతుంది. తిప్పక్క ఆయన వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. పోయిన వారం నొక్కమని అడిగింది ఈవిడే. ఇప్పుడు నా వేలిని తన గుప్పిట్లో పెట్టుకుని పట్టుకుంది.

పుల్ల మీద పుల్ల. మగది తెస్తోంది, ఆడది సర్దుతోంది. నచ్చకపోతే తీసి పడేస్తోంది కూడా. ఈ టైములో కూడా వంకలేనా తల్లీ అని తిట్టుకున్నాను. ఎండ చురుక్కుమంటోంది. వీపు కాలిపోతోంది. మా ఇద్దరి చేతులూ చెమటతో తడిసిపోయాయి.

ఆడది ఉన్నట్టుండి సర్దడం మానేసింది. రెక్కలు ఒకసారి విదిలించుకుంది. పొడుగు కాళ్ళు మడిచి, ఆ పుల్లల మధ్య మెల్లగా కూర్చుంది.

తిప్పక్క నా వేలు వదిలేసింది.

అవును.

నొక్కాక ఎంతసేపటికి దీపం వెలిగిందో నాకు గుర్తు లేదు. తిప్పక్క నన్ను కౌగిలించుకుని చప్పుడు కాకుండా ఏడుస్తోంది, నేనూ అలాగే. గుమాస్తా వార్త తయారుచేసి, పంపించమంటారా అని అడిగింది. ఆగమన్నాను. ముందు చదవాల్సిన చోటు ఒకటుంది.

ఎండ తగ్గి ఎర్ర దీపం ఆరాక మేమిద్దరమే తోపుకు వెళ్ళాం. మరీ దగ్గరికి పోలేదు, మాట వినపడేంత దూరంలో నిలబడ్డాం. సిగ్గుగా ఉంది నాకు. డిగ్రీ చదువుతున్న పిల్లని, కొంగకు వార్త చదవబోతున్నాను.

"మెల్లగా చదువు," అంది తిప్పక్క గుసగుసగా. "పురిటి మనిషి ఉండాది."

చదివాను. "కొక్కెరగుంట చింతతోపులో ఈ రోజు ఒక జత ఎర్రకాళ్ళ కొంగలు గూడు కట్టాయి. ఆడ పక్షి గూట్లో కూర్చుంది. ఇది కళ్ళారా చూశాను. ఈ ఏడాది ఈ ఊరి మీదుగా గాలిబండ్లు పోవు."

ఈ కొంగలకు గొంతు లేదు, అరవలేవు. గూట్లోది మెడ మా వైపు తిప్పి ముక్కు రెండుసార్లు టకటకలాడించింది.

"వినింది లే పాపా," అంది తిప్పక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఇంగ పంపించు."